పాత పొలంలోని కొట్టాలు మార్చాలంటే: అర్జీని ఎలా పరిశీలించాలి

చారిత్రక వ్యవసాయ క్షేత్రం అనగానే అందరి చూపూ పెద్ద ఇంటి మీదే ఉంటుంది. కానీ దాన్ని పొలంగా నిలబెట్టేది బార్న్ (పంటనూ పశువులనూ ఉంచే పెద్ద కొట్టం), మొక్కజొన్న గాదె, మాంసం పొగబెట్టే గది, ఊటనీటి మీద కట్టిన పాలగది, బండ్ల కొట్టం. ఇవి పోతే మిగిలేది ఒట్టి పాత ఇల్లే. అమెరికాలో ఇలాంటి ఆస్తి కొన్నవాళ్లకూ, ఊరి పరిరక్షణ కమిషన్‌లో కూర్చుని అర్జీలు చూసేవాళ్లకూ పనికొచ్చేలా, పెన్సిల్వేనియాలో కనిపించే బ్యాంక్ బార్న్‌ను, అంటే గట్టుకు ఆనించి కట్టిన బార్న్‌ను, ఉదాహరణగా తీసుకుని చెబుతున్నాం.

ముందు అధికారం ఎవరిదో తేల్చుకోండి. 1966 నాటి చారిత్రక పరిరక్షణ చట్టం కింద నేషనల్ రిజిస్టర్‌లో (చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో) పేరున్నంత మాత్రాన, సొంత డబ్బుతో చేసే పనికి యజమానిని ఎవరూ అడ్డుకోలేరు. అడ్డుకోగలిగేది స్థానిక ఆర్డినెన్స్, అంటే ఊరి పాలకమండలి చేసిన చట్టం. అది కూడా సాధారణంగా బయటి రూపానికే పరిమితం. ఆదాయం తెచ్చే భవనానికి 20 శాతం ఫెడరల్ పన్ను రాయితీ అడిగితే మాత్రం లోపలి పని కూడా పరిశీలనకు వస్తుంది. దస్తావేజులో పరిరక్షణ ఈజ్‌మెంట్ (ఆస్తిని ఇష్టమొచ్చినట్టు మార్చకుండా కట్టడి చేసే ఒప్పందం) ఉంటే దాని షరతులు వేరు; దస్తావేజు చదవకుండా అర్జీ తెరవకండి.

తర్వాత మొత్తం ఆవరణకు ఒక పటం అడగండి. ప్రతి కట్టడం ఎక్కడుంది, దేనికి వాడారు, సుమారుగా ఎప్పటిది అన్నవి అందులో ఉండాలి. అర్జీలో ఒక్క బార్న్ గీత మాత్రమే ఉంటే వెనక్కి పంపండి. కొట్టాలకూ పశువుల దొడ్డికీ, బాటకూ ఉన్న సంబంధం అందులో కనిపించదు. సిమెంటు సైలో (పశుగ్రాసం నిల్వచేసే గోపురం), బార్న్ పక్కన కట్టిన చిన్న పాలగది లాంటివి కొత్తవి కదా అని తీసిపారేయడం తరచూ జరిగే తప్పు. ఇరవయ్యో శతాబ్దంలో పాలను పశువుల కొట్టానికి దూరంగా ఉంచాలన్న ఆరోగ్య నియమాల వల్ల చాలాచోట్ల పాలగదులు వెలిశాయి. అవి కూడా ఆ పొలం చరిత్రే. 50 ఏళ్లు దాటిన దేన్నైనా విచారించకుండా వదలకూడదు.

ఇక బార్న్ దగ్గరికి వెళ్లండి. ఫొటోలు చూసి తీర్పు చెప్పవద్దు. బ్యాంక్ బార్న్‌ను గట్టుకు ఆనించి కడతారు. గట్టు వైపు నుంచి బండి నేరుగా పై అంతస్తుకు, కళ్లం నేల మీదికి వస్తుంది. కింద పశువులుంటాయి. దొడ్డి వైపు పై అంతస్తు ముందుకు పొడుచుకొచ్చి కింది తలుపులకు చూరులా నిలుస్తుంది. దీన్నే ఫోర్‌బే అంటారు. చలికాలపు ఎండ కోసం ఎక్కువగా ఇది దక్షిణానికో ఆగ్నేయానికో తిరిగి ఉంటుంది. బండి ఎక్కే వాలును తవ్వేసినా, ఫోర్‌బే కింద అద్దాల గోడ కట్టినా ఆ బార్న్ తన జాతినే కోల్పోతుంది. ఈ రెండింటి విషయంలో పట్టు సడలించవద్దు. గోడల్లో గాలి కోసం వదిలిన సన్నని చీలికలను కూడా పూడ్చనివ్వకండి. అద్దం కావాలంటే లోపలి వైపు, వెనక్కి జరిపి పెట్టవచ్చు.

పెళ్లి మండపంగా మారుస్తామన్న అర్జీలో చదరపు అడుగుకు 100 పౌండ్ల భారం లెక్క చూడండి. కుర్చీలు కదిలే సభాస్థలానికి సాధారణంగా అడిగేది అంతే. బండ్లను మోసిన నేల కదా అని ఊరుకోకుండా, దూలం దూలానికీ ఇంజనీరు లెక్క ఉండాలి. మరుగుదొడ్లు, రెండో మెట్లదారి, స్ప్రింక్లర్ ట్యాంకు లాంటివాటిని వెనక వైపు, బార్న్ కన్నా తక్కువ ఎత్తున్న వేరే చిన్న కట్టడంలో పెట్టించండి. బార్న్ కలప చట్రం బయటి నుంచి ఇన్సులేషన్ పలకలు (చలీ వేడీ ఆపేవి) కప్పుతామంటే, గోడ లావెక్కి చూరు తీరు, కిటికీ లోతు మారతాయి. అందుకే అది లోపలి విషయం కాదు, మీ పరిధిలోదే. చెక్క పలకల మీద నేరుగా ఇన్సులేషన్ నురుగు చిమ్మడం ఇంకా చెడ్డది; తేమ చిక్కుకుంటుంది, చట్రం కనబడదు, తర్వాత ఊడదీయడం దాదాపు అసాధ్యం.

మరమ్మతు అర్జీల్లో కారణం అడగడం ముఖ్యం. చట్రం అడుగున పునాది మీద ఆనే కింది దుంగ కుళ్లిందంటే, చాలాసార్లు ఏళ్ల తరబడి పేడా మట్టీ పేరుకుని నేల మట్టం పైకి వచ్చి ఉంటుంది. మట్టిని చెక్కకు కనీసం 8 అంగుళాల కిందికి దించి, చూరు నీళ్లను దూరంగా మళ్లించకపోతే కొత్త చెక్క కూడా కుళ్లుతుంది. కుళ్లినంత మేరకే కోసి, అదే జాతి కలపతో అతుకు వేయించండి.

రాతి గోడ సందులకు పోర్ట్‌లాండ్ సిమెంటు ఎక్కువున్న గట్టి గచ్చు వద్దు. తేమ సందుల గుండా బయటికి పోలేక రాతిలోకో ఇటుకలోకో మళ్లుతుంది. అక్కడ గడ్డకట్టి ముఖం పెచ్చులూడుతుంది. పాత గచ్చుకు తగ్గ మెత్తని సున్నపు గచ్చే వాడాలి. పాతదాన్ని సందు వెడల్పుకు రెండు, రెండున్నర రెట్ల లోతు వరకు తీయాలి. అర అంగుళం సందుకు అది ఒకటి నుంచి ఒకటింపావు అంగుళం. సన్నని సందుల్లో గ్రైండర్ పెడితే రాతి అంచులు తెగుతాయి.

స్లేటు కప్పు (పలుచని రాతి పలకల పైకప్పు) మొత్తం మార్చాలంటే, ఒక్కో వాలు మీద ఎన్ని రాళ్లు పగిలాయో లెక్క అడగండి. 20 శాతం లోపయితే సాధారణంగా మరమ్మతే మేలు. రాయి బాగానే ఉండి మేకులే తుప్పు పట్టిన సందర్భాలూ ఉంటాయి. అప్పుడు అవే రాళ్లను దించి మళ్లీ పరిపించవచ్చు. 1978కి ముందటి రంగులో సీసం ఉందనే అనుకోండి. ఇసుక కొట్టి గీకడాన్ని ఒప్పుకోవద్దు.

కూల్చివేత అడిగితే, పాత కలప చట్రాలు తెలిసిన ఇంజనీరు నివేదిక, తాత్కాలిక ఊతాలకు అయ్యే ఖర్చు, మరమ్మతు అంచనా మూడూ కావాలి. మరోచోటికి తరలిస్తామన్నా తొందరపడకండి. గట్టు లేని బ్యాంక్ బార్న్‌కు అర్థం పోతుంది. ఏదీ కుదరక కూల్చక తప్పదంటే, కొలతల గీతలు, నాలుగు వైపులా చట్రంతో సహా ఫొటోలు ముందే తీయించాలి.

తీర్పులో ‘పాతదానికి తగ్గట్టు ఉండాలి’ అని రాస్తే పనివాడికి ఏమీ తెలియదు. ఇలా రాయండి: ‘పడమటి గోడకు రంపంతో కోసిన నిలువు పలకలు, వెడల్పు ఇప్పుడున్న పలకలకు సరిసమానం, ప్లైవుడ్ షీట్లు నిషిద్ధం, గచ్చు నమూనా ఒక చోట వేసి, ఆరాక అనుమతి పొందాకే మిగతా గోడ, అతికిన దుంగను పలకలతో కప్పే ముందు తనిఖీ.’