కాలువ గట్టు మేసే గుర్రానికి ఏం పెట్టాలి?

కర్నూలులో కేసీ కాలువకు నీళ్లొస్తే గట్టంతా పచ్చగడ్డే. అది దండిగా మేసే గుర్రానికి ఉలవలు, తవుడు, బెల్లం ఆపేయండి. మెరవణిలో నిగనిగలాడాలని మావాళ్లు బెల్లం పెడతారు, నాకది అస్సలు నచ్చదు.

ముందుగా పక్కటెముకల మీద అరచేత్తో నిమరండి. ఎముకలు చేతికి తగలకపోయినా, జూలు కింద కొవ్వు గట్టిగా పేరుకున్నా ఒళ్లు ఎక్కువైనట్టే. తెల్లవారుజామున కాసేపు మేపితే చాలు; ఎండెక్కేకొద్దీ గడ్డిలో చక్కెర పెరుగుతుంది. మిగతా పూట ముదిరాక కోసిన ఎండుగడ్డి వేయండి. గంటసేపు నానబెట్టి, ఆ నీళ్లు పారబోస్తే చక్కెర ఇంకొంత తగ్గుతుంది. వేరుశనగ కట్టె వద్దు, బలమెక్కువ.

పస్తు మాత్రం పెట్టకండి. 300 కిలోల గుర్రానికి రోజుకు ఎండు లెక్కన (తడి బరువు తీసేసి) 4.5 కిలోల మేతైనా పడాలి. ఒళ్లు, చక్కెర ఎక్కువైతే దెబ్బ గిట్టలకే; అవి వేడిగా ఉండి, అడుగు వేయడానికి జంకుతుంటే వెంటనే పశువుల డాక్టర్‌ను పిలవండి.