ఇంట్లో గిటార్ రికార్డింగ్ – 4వ పాఠం: గెయిన్ నాబ్ దగ్గర ఆగిపోయిన వారికి

ఒకే రిథమ్‌ను రెండుసార్లు వాయించి ఎడమ, కుడి చెవులకు పంచే పద్ధతిని ఈ పాఠంలో నేర్పుతానని కిందటిసారి చెప్పాను. దాన్ని వాయిదా వేయక తప్పడం లేదు. మూడో పాఠం చదివి సౌండ్‌కార్డుకు గిటార్ తగిలించి, కంప్యూటర్‌లో ఆంప్ మోడల్ (గిటార్ ఆంప్లిఫయర్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్) తెరిచిన వారిలో చాలామంది అక్కడే ఇరుక్కుపోయారు. శబ్దం రెండుగా వినిపిస్తోందని ఒంగోలు నుంచి ఒకరు, డిస్టార్షన్ (ఆంప్ కరకు శబ్దం) చెవులు చిల్లులు పొడుస్తోందని కావలి నుంచి ఒకరు, తీగ ముట్టకపోయినా జుయ్యిమంటోందని చీమకుర్తి నుంచి ఒకరు రాశారు. కరకుదనం చాలడం లేదని సౌండ్‌కార్డు గెయిన్‌ను (లోపలికి వచ్చే సిగ్నల్‌ను పెంచే నాబ్‌ను) చివరికంటా తిప్పేసినవారైతే అన్ని ఊళ్ళలోనూ ఉన్నారు. జుయ్యిమనే రొదనూ, చెవులు పొడిచే డిస్టార్షన్‌నూ పక్కన పెడితే మిగతా వాటికి మూలం ఒకటే: ఆంప్ మోడలింగ్‌లో సౌండ్‌కార్డు చేయవలసింది తీగ శబ్దాన్ని ఉన్నదున్నట్టుగా కంప్యూటర్‌కు చేరవేయడం మాత్రమే, మనవాళ్ళు దానిచేత ఆంప్ పని కూడా చేయించబోతున్నారు.

విండోస్ వాడేవారు సౌండ్‌కార్డు తయారీదారు ఇచ్చిన ఆసియో డ్రైవర్‌నే (ఆలస్యాన్ని తగ్గించే డ్రైవర్) వేసుకున్నారనీ, రీపర్‌లోనో మరొక రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనో ట్రాక్ తెరవడం అందరికీ వచ్చుననీ అనుకుని ముందుకు వెళ్తున్నాను. ‘ఇన్‌స్ట్’ లేదా ‘హై-జడ్’ అని రాసి ఉన్న మీటను నొక్కారో లేదో మాత్రం ఒకసారి చూసుకోండి. మామూలు పికప్‌కు (తీగల కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) ఎదురుగా సుమారు 10 లక్షల ఓమ్‌ల ఇంపీడెన్స్ (విద్యుత్ అవరోధం) ఉండాలి. లైన్ ఇన్‌పుట్‌లో అది అంతకన్నా ఎన్నో రెట్లు తక్కువ కాబట్టి, పైస్థాయి మెరుపంతా పోయి గిటార్ మొద్దుగా పలుకుతుంది.

రెండు శబ్దాల సంగతి తేలిక. సౌండ్‌కార్డు మీద ‘డైరెక్ట్ మానిటర్’ అనే మీట ఉంటుంది. అది వేసి ఉంటే గిటార్ శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్ళకుండానే నేరుగా హెడ్‌ఫోన్‌కు వస్తుంది, ఆంప్ మోడల్‌లోంచి వచ్చే శబ్దం కాస్త ఆలస్యంగా దాని వెనకాలే చేరుతుంది. పాట పాడేవారికి ఆ మీట వరమే గాని మనకు పనికిరాదు, ఆపేయండి. ఆపాక ఆలస్యం తెలుస్తుంటే బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దపు ముక్క) తగ్గించాలి. సెకనుకు 48,000 శాంపిళ్ళ రేటులో 128 శాంపిళ్ళ బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు; రాకపోకలూ, మార్పిడులూ కలిస్తే ఇంకొంత పెరుగుతుంది. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, మొత్తం ఆలస్యం 10 మిల్లీసెకన్లయినా ఆంప్‌కు మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టే. నేను 128 దగ్గరే ఉంచుతాను. చిటపటలు వినిపిస్తే 256కు పెంచండి, మిక్సింగ్ సమయంలో 1024 పెట్టుకున్నా నష్టం లేదు.

ఇక గెయిన్. సౌండ్‌కార్డు మీది గెయిన్ నాబ్‌కూ, తెర మీద కనిపించే ఆంప్ గెయిన్ నాబ్‌కూ పేరులో తప్ప ఏ చుట్టరికమూ లేదు. వాల్వ్ ఆంప్‌లో గెయిన్ పెంచితే వాల్వులు (వాక్యూమ్ ట్యూబులు) తమ హద్దును సమీపించే కొద్దీ తరంగపు కొనలను క్రమంగా అణచివేస్తాయి. మనకు నచ్చే కరకుదనం అందులోంచే పుడుతుంది. సౌండ్‌కార్డులో అటువంటి మెత్తని హద్దు లేదు. మీటర్‌లో గరిష్ఠమైన 0 డెసిబెల్ దగ్గర అంకెలు అయిపోతాయి, దాన్ని దాటిన తరంగం తల చదునుగా తెగిపోతుంది, తెగిన ముక్క ఎక్కడా నమోదు కాదు. ఆ తర్వాత ఎంత ఖరీదైన మోడల్ వేసినా ప్రయోజనం ఉండదు. అడుగంటిన చేపల పులుసుకు మళ్ళీ తాలింపు పెడితే మాడు వాసన పోతుందా?

హద్దు దాటిందని చెప్పే ఎర్ర దీపం వెలగలేదు కదా అని కొందరు వాదించారు. దీపం వెలగకపోయినా తప్పు తప్పే. మోడల్‌ను తయారుచేసినవారు గిటార్ నుంచి ఫలానా స్థాయిలో సిగ్నల్ వస్తుందని ఊహించుకుని దాన్ని మలిచారు. మీరు 12 డెసిబెళ్ళు అదనంగా పంపితే అది నాలుగు రెట్ల సిగ్నల్; ఆంప్ ముందు ఒక బూస్ట్ పెడల్‌ను తీయడానికి వీల్లేకుండా బిగించినట్టు. క్లీన్ (కరకుదనం లేని) మోడల్ కూడా బొంగురుపోతోందని రాసిన నెల్లూరు మిత్రుడి కథ ఇదే.

తక్కువ స్థాయిలో రికార్డు చేస్తే నాణ్యత పోదా అన్న అనుమానం టేపుల కాలం నాటిది. 24 బిట్ల రికార్డింగ్‌లో 1,67,77,216 మెట్లు ఉంటాయి. శిఖరం మైనస్ 12 డెసిబెళ్ళ దగ్గర ఆగితే వాటిలో నాలుగో వంతు, అంటే 41,94,304 మెట్లు వాడుకుంటాం. సీడీకి ఉన్నవే మొత్తం 65,536. మీ పికప్ చేసే రొద ఈ మెట్ల అడుగుకన్నా ఎంతో పైన ఉంటుంది. కాబట్టి గిటార్ వాల్యూమ్ పూర్తిగా పెట్టి, బ్రిడ్జ్ పికప్ మీద ఆరు తీగలనూ మీకు చేతనైనంత గట్టిగా కొట్టండి. మీటర్ మైనస్ 12 దాటకుండా నాబ్ సర్ది, అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. నా సౌండ్‌కార్డులో ఆ గీత దాదాపు కనిష్ఠం దగ్గరే ఉంది. కరకుదనం కావాలంటే తెర మీది ఆంప్ గెయిన్ పెంచండి, లేదా దాని ముందు ఓవర్‌డ్రైవ్ పెడల్ మోడల్ వేయండి.

కావలి మిత్రుడు వాడింది ఆంప్ హెడ్ మోడల్ మాత్రమే, స్పీకర్ క్యాబినెట్ వేయలేదు. గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్‌జ్ పైన ఉన్నదాన్ని చాలావరకు కోసేస్తుంది; ఆ కోత లేకపోతే చెవులు చిల్లులు పడవలసిందే. ఉచితంగా దొరికే న్యూరల్ ఆంప్ మోడలర్‌లో క్యాబినెట్ ఐఆర్ ఫైలు (క్యాబినెట్ ధ్వని స్వభావాన్ని నమోదు చేసిన ఫైలు) వేసుకోవడానికి విడిగా చోటు ఉంది. తీసుకున్న క్యాప్చర్‌లోనే (అసలు ఆంప్ శబ్దాన్ని పట్టి చేసిన మోడల్ ఫైలులోనే) క్యాబినెట్ కలిసి ఉంటే రెండోది వేయకండి.

చీమకుర్తి ఫిర్యాదుకు సౌండ్‌కార్డుతో పని లేదు. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ కరెంటులోని 50 హెర్ట్‌జ్ రొదను పట్టుకుంటుంది. కుర్చీలోనే మెల్లగా గుండ్రంగా తిరిగి చూడండి, ఏదో ఒక దిక్కున రొద బాగా తగ్గుతుంది; అటే కూర్చుని వాయించండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేయండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఇల్లు నడుస్తున్నప్పుడు రికార్డింగ్ పెట్టుకోకండి. డిమ్మర్ తరహా ఫ్యాన్ రెగ్యులేటర్ నడుమ ఉన్నప్పుడే ఎక్కువ రొద చేస్తుంది; రోహిణి కార్తెలో నెల్లూరులో ఫ్యాన్ ఆపమనే ధైర్యం నాకు లేదు గనుక, దాన్ని పూర్తి వేగంలో పెట్టమంటాను.

అభ్యాసం: మెట్రోనోమ్ 70 మీద ఎనిమిది బార్ల రిథమ్‌ను ఆంప్ మోడల్ వేయకుండా నాలుగుసార్లు రికార్డు చేయండి. శిఖరాలు మొదటిసారి మైనస్ 18, రెండోసారి మైనస్ 12, మూడోసారి మైనస్ 6 దగ్గర ఉండాలి. నాలుగోసారి కావాలనే ఎర్ర దీపం వెలిగించండి. నాలుగింటినీ క్లిప్ గెయిన్‌తో (రికార్డయిన ముక్క స్థాయిని మార్చే అమరికతో) మైనస్ 12కు తెచ్చి, ఒకే క్లీన్ ఆంప్, ఒకే క్యాబినెట్ వేసి, ఇంట్లో ఎవరిచేతనైనా వరుస మార్చి వినిపించమనండి. నాలుగోది మీరు పట్టుకోవాలి. మొదటి మూడింటిలో ఏది ఏదో చెప్పగలిగితే, ఆ ఫైళ్ళను ఆంప్ లేకుండానే నాకు పంపండి, స్థాయి తేడా వినిపించిందో వాయింపులో తేడా వినిపించిందో చూస్తాను.