అంతరిక్షం వీడియోలో వింత వస్తువు కనబడిందా? వాదనకు దిగేముందు ఇవి చూడండి

నాసా స్పేస్ షటిల్ నౌకల నుంచి తీసిన వీడియోల మీద వాదన ఎక్కడ మొదలైనా రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఒకరు "ఇది గ్రహాంతరవాసుల పని కాక ఇంకేంటి" అంటారు, ఇంకొకరు "చెత్తండీ, మంచు ముక్కలు" అని కొట్టిపారేస్తారు, వీడియోని నిదానంగా చూసినవాళ్లు మాత్రం అందులో ఒక్కరూ ఉండరు. నన్నడిగితే "చెత్త" అనడం కూడా ఒక వాదనే, దానికీ రుజువు కావాలి. ఆ చెత్త ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎంత దూరంలో ఉంది, ఉన్నట్టుండి ఎందుకు మలుపు తిరిగింది? వీటికి జవాబు చెప్పగలిగినప్పుడే ఆ మాట నిలబడుతుంది.

ముందు అసలు వీడియో పట్టుకోండి. పాట కలిపి, స్లో చేసి, ఎర్ర సున్నా చుట్టిన ముప్పై సెకన్ల క్లిప్పుతో ఏదీ తేలదు. ఏ మిషన్, ఏ తేదీ, జీఎంటీలో (గ్రీన్‌విచ్ కాలమానంలో) ఏ సమయం, ఏ కెమెరా అన్నవి తెలియాలి. వాయిస్ ఉంటే అది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆ సమయంలో వ్యోమగాములూ హ్యూస్టన్‌లోని మిషన్ కంట్రోల్‌వాళ్లూ దేని గురించి మాట్లాడుకుంటున్నారో వింటే చాలాసార్లు సగం విషయం అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత దూరం. అసలు గొడవంతా దీని దగ్గరే. ఒకే కెమెరాలో కనిపించే తెల్ల చుక్క పది మీటర్ల దూరంలో ఉన్న మంచు రేణువు కావచ్చు, వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్ద వస్తువూ కావచ్చు, బొమ్మలో రెండూ ఒకేలా ఉంటాయి. దూరం తెలియకుండా "ఇది గంటకు ఇన్ని వేల కిలోమీటర్ల వేగంతో పోతోంది" అని ఎవరైనా అంటే ఆ అంకె ఎలా వచ్చిందో అడగండి. ఇక్కడ పనికొచ్చే లెక్క ఒకటుంది. భూమికి దగ్గరి కక్ష్యలో ఏ వస్తువైనా సెకనుకు దాదాపు ఏడున్నర కిలోమీటర్లు తిరుగుతుంది, వేరే కక్ష్యలోని పాత శకలం ఎదురుపడితే రెండింటి మధ్య వేగం సగటున సెకనుకు పది కిలోమీటర్లు ఉంటుంది. అలాంటిది దగ్గర నుంచి పోతే కెమెరాకు ఒక గీతలా కూడా దొరక్కపోవచ్చు. కాబట్టి అర నిమిషం పాటు తెర మీద తీరిగ్గా తేలుతూ పోయేది దాదాపు ఎప్పుడూ నౌకతో పాటే తిరుగుతున్న వస్తువు, అంటే ఎక్కువసార్లు ఆ నౌక నుంచి రాలిందే.

వెలుతురు సంగతీ చూడాలి. కక్ష్యలో సుమారు తొంభై నిమిషాలకోసారి సూర్యోదయం. కింద భూమి ఇంకా చీకట్లో ఉండగానే నౌక మీద, దాని చుట్టూ ఉన్న రేణువుల మీద ఎండ పడుతుంది, అప్పుడు నలుసంత మంచు కూడా నల్లటి నేపథ్యంలో దీపంలా మెరుస్తుంది. శూన్యం నుంచి ఊడిపడ్డట్టు ఒక చుక్క ప్రత్యక్షమైతే, అది నౌక నీడలోంచి ఎండలోకి వచ్చిందేమో ముందు చూడండి. పేరున్న వీడియోల్లో చాలావరకు ఈ వేళప్పుడు తీసినవే.

ఇక రెండు వీడియోలు దగ్గరగా చూద్దాం. మొదటిది 1996 ఫిబ్రవరిలో కొలంబియా అనే షటిల్ ఎగిరిన ఎస్‌టీఎస్-75 మిషన్‌ది. ఉపగ్రహానికి కట్టిన తీగ 20 కిలోమీటర్ల దాకా విచ్చుకుని తెగిపోయింది, కొన్ని రోజుల తర్వాత షటిల్ నుంచి దాన్ని వీడియో తీశారు. అందులో తీగ చుట్టూ గుండ్రటి బిళ్లలు, మధ్యలో రంధ్రం, అంచున ఒక నొక్కు, ఈదుతున్నట్టు కనిపిస్తాయి. "అవి తీగ వెనక నుంచి పోతున్నాయి, అంటే వందల మీటర్ల వెడల్పు ఉండాలి" అనేది అసలు వాదన. దీన్ని రెండు రకాలుగా పరీక్షించొచ్చు. ఒకటి, ఆ తీగ మందం రెండున్నర మిల్లీమీటర్లే, తెర మీద మాత్రం లావుపాటి కర్రలా ఉంది, అంటే అక్కడ కెమెరా వెలుతురు తట్టుకోలేక పూర్తి తెలుపుకి పోయింది. అప్పటికే పూర్తి తెల్లగా ఉన్నచోట ముందు నుంచి ఏది పోయినా ఇంకా తెల్లగా అవ్వదు, అందుకే అది వెనక నుంచి పోయినట్టు అనిపిస్తుంది. రెండోది ఆ నొక్కు. ఫ్రేమ్‌లో ఒకే చోటికి వచ్చిన వేర్వేరు బిళ్లలను ఆపి చూడండి, అన్నింటికీ నొక్కు ఒకే వైపు ఉంటే ఆ ఆకారం వస్తువుది కాదు, లెన్స్‌ది. ఫోకస్‌లో లేని వెలుగు చుక్క ఏదైనా అలాగే బిళ్లలా విప్పారుతుంది. తమతో పాటు తిరుగుతున్న కొంచెం చెత్త మీద ఎండ ఏటవాలుగా పడుతోందని సిబ్బంది ఆ వీడియోలోనే చెప్పారు కూడా.

రెండోది 1991 సెప్టెంబరులో డిస్కవరీ షటిల్ నుంచి తీసిన ఎస్‌టీఎస్-48 మిషన్ వీడియో, ఇది గట్టి కేసు. ఒక మెరుపు మెరుస్తుంది, వెంటనే ఒక చుక్క దిశ మార్చుకుని దూసుకుపోతుంది. ఆ చుక్క గ్రహాంతరవాసుల నౌక అని, దాన్ని కాల్చబోతే తప్పించుకుందని కథ అల్లారు. భౌతికశాస్త్ర ప్రొఫెసర్ జాక్ కాషర్ ఇది మంచు కాదని లెక్కలు వేసి వాదించాడు, మిషన్ కంట్రోల్‌లో పనిచేసిన జేమ్స్ ఓబర్గ్ ఆ మెరుపు షటిల్ దిశ సరిచేసే ఇంజనుది, అంటే థ్రస్టర్‌దని, దాని వాయువు తగిలి దగ్గర్లోని మంచు కదిలిందని చెప్పాడు. మీరు చూడాల్సింది ఆ ఒక్క చుక్కనే కాదు, మిగతావాటిని. మెరుపు తర్వాత వేరే చుక్కలు కూడా దారి మార్చుకున్నాయా? అన్నీ ఒకే క్షణంలో కదిలితే, వాటిని నెట్టింది ఒకటే ఉండాలి. షటిల్‌కి దిశ సరిచేసే చిన్నాపెద్దా థ్రస్టర్లు 44 ఉండేవి, ఏది ఎప్పుడు మండిందో రికార్డయ్యేది, వాదన ఆ రికార్డు మీద జరగాలి.

ఊహలు పక్కనపెట్టి పరీక్షించి తేల్చిన ఉదాహరణ ఒకటుంది. 1962లో జాన్ గ్లెన్ తన నౌక చుట్టూ మిణుగురుల్లాంటి వెలుగులు చూశానన్నాడు. అదే ఏడాది మేలో వెళ్లిన స్కాట్ కార్పెంటర్ నౌక గోడను లోపలి నుంచి చేత్తో కొట్టాడు, కొట్టగానే ఆ రేణువులు గుంపుగా రేగాయి. నౌక పైన పేరుకున్న మంచు అది! అంత సులువుగా తేలడం అరుదే అనుకోండి.

చెత్త అని తేలిపోయాక విషయం చప్పబడిందని కొందరు వెళ్లిపోతారు, నాకు అది బాధగా ఉంటుంది, ఎందుకంటే అసలు భయపడాల్సింది అప్పుడే. 2003 జనవరిలో కొలంబియా ఎగిరిన మర్నాడు దాని నుంచి ఒక వస్తువు విడిపోయి దూరంగా జరిగింది. ఆ సంగతి రాడార్ డేటాలో కనబడేసరికి ఏడుగురు వ్యోమగాములూ చనిపోయారు, అది దెబ్బతిన్న రెక్క ముక్క అయి ఉండొచ్చని తర్వాత తేల్చారు. అందుకే 2006 సెప్టెంబరులో అట్లాంటిస్ దగ్గర ఏదో తేలుతూ కనబడగానే దిగడం ఒక రోజు వాయిదా వేసి, రోబో చేయి కెమెరాలతో షటిల్‌ని మళ్లీ పరీక్షించారు.

ఫొటోలైతే, కక్ష్యలోని వస్తువులకు నంబర్లిచ్చి నమోదు చేసే జాబితా చూడండి. గ్రహాంతరవాసుల ఉపగ్రహమంటూ బ్లాక్ నైట్ పేరుతో నెట్‌లో తిరిగే ఫొటోలోని నల్లటి ఆకారం 1998 డిసెంబరులో ఎస్‌టీఎస్-88 సిబ్బంది స్పేస్‌వాక్‌లో చేజారిన థర్మల్ కవర్, దానికి 25570 అని కేటలాగ్ నంబరు కూడా ఉంది.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే "గుర్తించలేకపోయాను, దూరం తెలియదు, థ్రస్టర్ రికార్డు దొరకలేదు" అని రాసి ఆగండి, దాన్ని అక్కడి నుంచి గ్రహాంతరవాసుల దాకా లాగొద్దు, చెత్త కిందా జమ వేయొద్దు. ఒకే సమయంలో, ఒకదానికొకటి దూరంగా ఉన్న రెండు కెమెరాలకు ఆ వస్తువు చిక్కి, రాడార్‌లోనూ కనబడితే మాత్రం దూరం, పరిమాణం, వేగం మూడూ లెక్కకు వస్తాయి. అలాంటి వీడియో మీ చేతికి వస్తే కత్తిరించకుండా మొత్తం పెట్టండి, సమయంతో సహా.