అక్షరం మధ్య తెల్లగీత: డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ సమస్యలు - పరిష్కారాలు

గుంటూరు మిర్చి యార్డులో నేను మరమ్మతుకు వెళ్లే కమీషన్ దుకాణాల్లో ఈ ప్రింటర్లు ఇంకా గట్టిగా పనిచేస్తున్నాయి. రైతుకు, కొన్నవారికి, దుకాణానికి ఒకే దెబ్బతో మూడు ప్రతులు రావాలి. లేజర్, ఇంక్‌జెట్ యంత్రాలు కాగితాన్ని కొట్టవు కనుక కార్బన్ ప్రతి ఇవ్వలేవు. థర్మల్ చీటీ వేడికి వెలిసిపోతుంది. డాట్ మ్యాట్రిక్స్ మోత పెడుతుంది, నెమ్మదిగా నడుస్తుంది, బొమ్మలకు పనికిరాదు. పట్టీలు (అమ్మకం లెక్క చీటీలు) రాయడానికి మాత్రం నాకు దీన్ని మించినది కనిపించలేదు.

సాధారణ రకం ప్రింటర్ హెడ్‌లో, అంటే అచ్చు కొట్టే భాగంలో, 9 సన్నని సూదులు నిలువు వరుసలో ఉంటాయి. ఒక్కో సూదికి ఒక్కో తీగచుట్ట. కరెంటు అందగానే చుట్ట అయస్కాంతమై సూదిని తోస్తుంది, సూది సిరా నింపిన రిబ్బన్‌ను కాగితానికేసి కొడుతుంది, ఒక చుక్క పడుతుంది. హెడ్ అడ్డంగా పరుగెత్తుతుంటే ఆ చుక్కలే అక్షరాలవుతాయి. ఈ సంగతి తెలిస్తే సగం లోపాలు కాగితం మీదే కనిపిస్తాయి.

అచ్చు మసకగా ఉంది

ముందు కార్బన్ ప్రతి చూడండి. పై ప్రతి మసకగా, కింది ప్రతి స్పష్టంగా ఉంటే సూదులు బాగానే కొడుతున్నాయి. రిబ్బన్ ఎండిపోయింది, లేదా తిరగడం లేదు. మార్చండి. రెండూ మసకగా ఉంటే కాగితం మందాన్ని బట్టి హెడ్‌ను జరిపే మీట తప్పు స్థానంలో ఉండవచ్చు. ఒంటి కాగితానికి దగ్గరగా, ఎక్కువ ప్రతులకు దూరంగా పెట్టాలి. మీట సరిగానే ఉంటే సూదులు అరిగినట్టు.

ప్రతి అక్షరంలో అడ్డంగా తెల్లగీత

ఒక సూది కొట్టడం లేదు. దీన్ని ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. నడిమి గీతను కొట్టే సూది పోతే 8 లోని ఆ గీత మాయమవుతుంది. మసకబారిన మూడో ప్రతిలో అది 0 లాగే కనిపిస్తుంది. 48 కిలోల టిక్కీ (మిర్చి బస్తా) 40 అయిందంటే నష్టపోయేది రైతు.

యార్డులో దీనికి ఎక్కువగా కారణం మిరప ధూళి. సరుకు ముంచెత్తే వేసవి రోజుల్లో ఎర్రటి పొడి సిరాతో కలిసి జిగురు ముద్దై హెడ్ ముఖానికి పట్టేస్తుంది. ప్లగ్గు తీసి, హెడ్ చల్లారే దాకా ఆగండి, అప్పటిదాకా అది చేతిని కాలుస్తుంది. రిబ్బన్ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డను హెడ్ ముఖానికి ఆనించి పట్టుకోండి. నల్లటి సిరా దిగుతుంది. గుడ్డ శుభ్రంగా వచ్చే దాకా చేసి, పూర్తిగా ఆరనివ్వండి. సూదులకు నూనె పోయవద్దు, అది మరింత ధూళిని పట్టుకుంటుంది.

అయినా గీత పోకపోతే మల్టీమీటర్‌తో చుట్టల నిరోధం కొలవాలి. తొమ్మిదీ దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి తేడాగా ఉంటే ఆ చుట్ట కాలింది. అప్పుడు వెంటనే కొత్త హెడ్ బిగించకండి! బోర్డు మీద ఆ సూదిని నడిపే ట్రాన్సిస్టర్ షార్టై ఉంటే కొత్త హెడ్ కూడా కాలిపోతుంది. చాలామంది రెండుసార్లు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. సూది విరిగి ఉంటే రిబ్బన్ కూడా చూడండి. చిరిగిన రిబ్బన్‌లో చిక్కుకునే సూదులు ఎక్కువగా విరుగుతాయి.

పిచ్చి అక్షరాలు వస్తున్నాయి

కంప్యూటర్‌తో పని లేకుండా ప్రింటర్ తనంతట తాను అచ్చువేసే స్వీయ పరీక్ష చేయండి. చాలా మోడళ్లలో ఒక బటన్ నొక్కి పట్టి స్విచ్ వేస్తే మొదలవుతుంది. అచ్చు బాగుంటే ప్రింటర్‌ది తప్పు కాకపోవచ్చు. కేబుల్, డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే కంప్యూటర్ ప్రోగ్రాం) చూసుకోండి.

పట్టికలో నిలువు గీతలు వంకర

హెడ్ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కొడుతుంది. ఆ రెండు దారులూ కలవడం లేదు. సెట్టింగుల్లో సరిచేయండి, లేదా ఒకే దిశలో కొట్టేలా పెట్టండి. వేగం తగ్గుతుంది కానీ గీత నిలబడుతుంది.

కాగితం పక్కకు లాగుతోంది

రంధ్రాల కాగితం వాడుతూ, కాగితం రకం ఎంచుకునే మీటను ఒంటి కాగితం వైపు వదిలేశారేమో చూడండి. కాగితాన్ని లాగే పళ్లు రెండు వైపులా ఒకే వరుస రంధ్రాల్లో ఉండాలి. కాగితం పెట్టె ప్రింటర్ వెనక తిన్నగా ఉండాలి, పక్కకు జరిగితే లాగుడు తప్పదు.

మధ్యలో నెమ్మదిస్తోంది

ఇది లోపం కాదు. హెడ్ వేడెక్కితే దాన్ని కాపాడుకోవడానికి ప్రింటర్ వేగం తగ్గించుకుంటుంది. చుట్టూ గాలి ఆడేలా పక్కనున్న బిల్లు పుస్తకాల దొంతర జరపండి.