పాత పేపర్లతో నాలుగు విషసర్పాలు: మా ఇంటి బడిలో వేసవి పని

మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద ఊరు మాది. పెరటి గోడ దాటితే వరి మడి. వడ్లున్న చోట ఎలుకలు, ఎలుకలున్న చోట పాములు. మా ఇద్దరు పిల్లలకు మూడేళ్లుగా ఇంట్లోనే చదువు చెబుతున్నాను, టెన్త్ ఓపెన్ స్కూల్లో రాయిస్తాం. పాపకు పన్నెండేళ్లు, బాబుకు తొమ్మిది. ప్రమాదకరమైన జంతువుల పాఠానికి వచ్చేసరికి పుస్తకంలో సింహం, సొరచేప, అనకొండ ఉన్నాయి. మా బాబుకు మా ఊళ్లో సొరచేప ఎదురుపడదు. కట్లపాము మాత్రం వాడు పడుకున్న చాప మీదికి రాగలదు. అందుకే ఆ పేజీలు పక్కన పెట్టి, మన పొలాల్లో తిరిగే నాలుగు విషసర్పాలను అసలు పొడవులో, అసలు చారలతో పిల్లల చేత చేయించాను.

ఈ నాలుగే ఎందుకంటే మన దేశంలో పాముకాటు చావుల్లో ఎక్కువ భాగం వీటి వల్లే: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. నాకు ఇంకో కారణం కూడా ఉంది. ఒక వానాకాలం మా చిన్నమామయ్య కింద చాప వేసుకుని పడుకున్నారు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేస్తే గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్లు ఇచ్చాం. కాసేపటికి రెప్పలు ఎత్తలేకపోయారు, మాట ముద్దగా వచ్చింది. ఒంటి మీద వాపు లేదు, గాటు కనబడలేదు. ఆస్పత్రిలో డాక్టరు ఆ రెప్పలు చూడగానే కట్లపాము అన్నారు. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉండి బతికి ఇంటికొచ్చారు. కట్లపాము కాటు నొప్పి తెలియదని మాకు ఆ రోజు దాకా తెలియదు.

పని రోహిణి కార్తెలో మొదలుపెట్టండి. ఆ ఎండకు గుజ్జు మూడు రోజుల్లో గట్టిపడుతుంది. మృగశిర నాటికి, అంటే వానలు పడి పాములు బయట తిరిగే రోజులకు, బొమ్మలు చేతిలో ఉంటాయి. మేం మొదటిసారి శ్రావణంలో చేశాం. వారం ఎండబెట్టినా లోపల తడి ఆరలేదు, తెల్లగా బూజు పట్టి రెండు బొమ్మలు పారేయాల్సి వచ్చింది.

కావలసినవన్నీ ఇంట్లోవే. ఒక కిలో పాత పేపర్లు, వంద గ్రాముల మెంతులు, వరిగడ్డి, సుతిలి తాడు, ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన బైండింగ్ వైరు, ఒక పాత పెళ్లిపత్రిక, చిన్న ఎమరీ పేపర్ ముక్క, పోస్టర్ కలర్లు. చాటలకు, గంపలకు మా అమ్మ పూసే గుజ్జే ఇది. పేపర్లు చింపి రెండు రోజులు నానబెట్టాలి. మెంతులు ఒక రాత్రి నానితే చాలు. రెండూ కలిపి రోట్లో మెత్తగా రుబ్బితే జిగటగా ముద్ద అవుతుంది. గట్టిగా పిండి చూడండి, వేళ్ల మధ్య నీళ్లు కారకుండా ఉండాలి. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల చేతులు పడే పని కాబట్టి నేను వేయను. వేపాకు మరిగించిన నీళ్లతో రుబ్బుతాను.

ముందు నేల మీద సుద్దతో నాలుగు గీతలు గీయించండి. నాగుపాముకు నాలుగడుగులు, రక్తపింజరకు మూడున్నర, కట్లపాముకు మూడు, చిన్న పింజరకు ఒకటిన్నర అడుగు. ఇదే మొదటి పాఠం. చిన్న పింజర గీత చూసి మా బాబు "ఇంతేనా!" అన్నాడు. పెద్దదైతేనే ప్రమాదం అని పిల్లల మనసులో ఉంటుంది. రాళ్ల సందుల్లో ఉండే ఈ జానెడు మూరెడు పాము కాటుకు కూడా మనుషులు చనిపోతారు. అచ్చంపేట వైపు మా తల్లిగారి ఊళ్లో రాయి ఎత్తే ముందు కట్టెతో కదిపి చూస్తారు, దీని భయంతోనే.

వైరు కత్తిరించడం పెద్దవాళ్లే చేయాలి. రెండు పోగులు పురిపెట్టి, దాని చుట్టూ గడ్డి పరిచి సుతిలితో బిగుతుగా చుట్టాలి. లావు దగ్గర శ్రద్ధ పెట్టండి. రక్తపింజర నడుము పిల్లల మణికట్టంత, కట్లపాము పెద్దవాళ్ల బొటనవేలి కంటే కాస్త లావు, చిన్న పింజర బొటనవేలంత. రక్తపింజరకు మెడ సన్నగా, తల మూడు మూలలుగా, తోక పొట్టిగా ఉండాలి. గుజ్జు పల్చగా రెండు పూతలు వేయండి, మొదటిది ఆరాకే రెండోది. ఒకేసారి మందంగా వేస్తే పగుళ్లు వస్తాయి.

ఇక్కడి నుంచి ఒక్కో పాముది ఒక్కో పని. నాకు అన్నింటికంటే ఇష్టమైంది కట్లపాము వెన్ను. ఆ పాముకు వెన్ను మీద పొడవునా ఒక వరుస పొలుసులు మిగతావాటి కంటే పెద్దగా, ఆరు పలకలుగా ఉంటాయి. రెండో పూత సగం ఆరినప్పుడు, ఆరు పలకల పెన్సిల్ వెనక కొస తీసుకుని మెడ నుంచి తోక దాకా ఒకదాని పక్కన ఒకటి ముద్రలు నొక్కించండి. మూడడుగుల పాముకు చాలా ముద్రలు పడతాయి. మా పాప గంటసేపు కదలకుండా కూర్చుని నొక్కింది. ఆరాక నల్ల రంగు, దాని మీద సన్నటి తెల్ల చారలు, ఎక్కువగా రెండేసి జంటలుగా. పాప మెడ నుంచే మందంగా, సమానంగా చారలు వేసింది. మా అత్తమ్మ చూసి, "మెడ కాడ గంత తెల్లగ ఉండదు బిడ్డా, నడుము కాణ్నించి తోక దిక్కు కనబడతయి" అంది. పాముల పుస్తకంలో చూస్తే అదే మాట. మెడ నుంచే చారలు స్పష్టంగా మొదలయ్యేది విషం లేని తోడేలు పాముకు. అయినా చారలు లెక్కపెట్టడానికి దగ్గరికి వెళ్లకూడదని, చారల పాము ఏది కనబడినా కట్లపామే అనుకోవాలని పిల్లలతో రెండుసార్లు చెప్పించాను.

రక్తపింజరకు మట్టి రంగు పూసి, ఆలుగడ్డను బాదంగింజ ఆకారంలో కోసి అచ్చు వేయండి. వెన్ను మీద ఒక వరుస, రెండు పక్కలా చెరో వరుస, మొత్తం మూడు. మచ్చ ముదురు గోధుమ రంగు, చుట్టూ నల్ల అంచు, దాని బయట సన్నగా తెలుపు. గొలుసులా కనబడాలి. దూరం నుంచి కొండచిలువ పిల్లలా ఉంటుంది, అలా అనుకుని ముట్టుకున్నవాళ్లున్నారు. కుక్కర్ విజిల్ రాబోయే ముందు వచ్చే బుస్సు శబ్దం వినిపించి, ఇది బుస కొడితే ఇలా ఉంటుందని చెప్పండి.

చిన్న పింజరకు రెండు పక్కలా అలల్లాంటి తెల్ల గీత, తల మీద బాణం లాంటి గుర్తు. ఇది బుసకొట్టడానికి బదులు, ఒళ్లు మడతలుగా చుట్టి గరుకు పొలుసులను ఒకదానితో ఒకటి రాస్తుంది. ఎమరీ పేపర్‌ను సన్న పట్టీలుగా కోసి రెండు పక్కలా అతికించి, బొమ్మను 8 అంకెలా వంచి మడతలు రాపిడి చేయించండి. సర్ర్ సర్ర్ మని వస్తుంది. మా బాబు కళ్లు మూసుకుని విన్నాడు. చీకట్లో ఆ చప్పుడు వింటే నిలబడిపోవాలని ఇప్పుడు వాడికి తెలుసు.

నాగుపాము పడగను పెళ్లిపత్రిక అట్టతో చేసి, వెనక కళ్లజోడు గుర్తు వేసి, దారంతో కట్టండి, విప్పేలా ఉండాలి. నాగుపాము ఎప్పుడూ పడగ విప్పి ఉండదు. పడగ ముడుచుకున్నప్పుడు పిల్లలకే కాదు, పెద్దలకూ జెర్రిపోతులా కనబడుతుంది. పడగతో ఒకసారి, పడగ లేకుండా ఒకసారి చూపించండి. మా బొమ్మ పూర్తయ్యాక అత్తమ్మ దాని నుదుట కుంకుమ పెట్టింది. నాగుల పంచమికి పుట్టలో పాలు పోస్తాం కదా, పాము పాలు తాగుతుందా అని పాప అడిగింది. పాము ఆహారం ఎలుకలు, కప్పలు అని, పాలు మన భక్తి అని అత్తమ్మే చెప్పింది.

రంగులు ఆరాక అసలు ఆట. ప్రతి తోకకు ఎర్ర దారం కట్టి, ఇంట్లో, పక్కింట్లో, పనికి వచ్చేవాళ్లకు ముందే చెప్పండి. మేం చెప్పకుండా గడ్డివాము అడుగున రక్తపింజరను పెట్టాం. గడ్డికి వచ్చిన అక్క బెదిరి పడిపోయింది, మోచేయి చీరుకుపోయింది. ఆమెకు క్షమాపణ చెప్పి, ఆ రోజు నుంచి దారం కట్టకుండా, చెప్పకుండా పెట్టడం లేదు.

రక్తపింజర వరి గట్టు పక్కన, నాగుపాము కోళ్లగూడు దగ్గర, చిన్న పింజర రాళ్లకుప్పలో, కట్లపాము పరుపు మూల. పొద్దుగూకాక పిల్లల చేతికి టార్చి ఇచ్చి వెతకమనండి, చెప్పులు వేసుకుని మీరూ వెంట ఉండండి. కనబడగానే ఆగాలి, మెల్లగా మూడడుగులు వెనక్కి వేయాలి, పేరు చెప్పి పెద్దవాళ్లను పిలవాలి. ముట్టుకుంటే ఓడిపోయినట్టే. ఈ నియమం దగ్గర జాలి చూపకండి. బొమ్మతో చేతులకు అలవాటైన చనువు అసలు పాము మీదికి పోకూడదు. కట్లపాము పరుపు మూల దొరికిన రాత్రి నుంచి దోమతెర అంచు చుట్టూ దోపే పని బాబు తీసుకున్నాడు.

తర్వాత కాటు పడితే ఏం చేయాలో చేయించండి. పాప పడుకుంటుంది, బాబు ఉంగరం, గాజులు, పట్టీలు తీస్తాడు, చెక్క స్కేలు పెట్టి కాలు కదలకుండా వదులుగా కడతాడు, 108కి ఫోన్ చేసినట్టు ఊరి పేరు, గుర్తులు చెబుతాడు. తాడుతో బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం కోసం ఆగడం, ఏవీ వద్దు. పామును చంపి తీసుకెళ్లనక్కర్లేదు, ఈ నాలుగింటికీ ఒకే మందు పనిచేస్తుంది. ఆ మందు ఎలా తయారవుతుందని పాప అడిగింది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తంలో తయారైన విరుగుడును తీస్తారు. విషం తీసేవాళ్లలో తమిళనాడు ఇరుల గిరిజనులున్నారు, వాళ్ల సహకార సంఘం 1978లో మొదలైంది.

పింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. ఆస్పత్రిలో గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఒంచి చూస్తారు. దీన్ని చెప్పడానికి పెరుగు గిన్నె, పాల గిన్నె పక్కపక్కన పెట్టి ఒంచించాను. పెరుగు కదల్లేదు, పాలు కారాయి. నాగుపాము, కట్లపాము విషాలు నరం కండరానికి చెప్పే మాటను ఆపుతాయి, అందుకే రెప్పలు వాలతాయి, ఊపిరి ఆగుతుంది. మా చిన్నమామయ్య సంగతి అప్పుడు పిల్లలకు అర్థమైంది.

ఆట అయ్యాక నాలుగింటినీ పాత చీరలో చుట్టి, ఎర్ర దారాలు బయటికి వేలాడేలా దూలానికి కట్టేయండి. నేల మీద పెడితే ఎలుకలు మెంతి గుజ్జు కొరుకుతాయి.