గని ఊళ్లలో జానపదం సేకరించాలంటే ఎలా అడగాలి

అమెరికా పాత గని ఊళ్లకి వెళ్లి "మీ కల్చర్ గురించి చెప్పండి" అని అడిగారనుకోండి, బ్రోచర్లో ఉన్నదే అప్పజెప్తారు. అందుకే తిండితో మొదలుపెట్టండి.

మిషిగన్‌లో కీవినా రాగి గనుల ఏరియానే తీసుకుందాం. అక్కడ పాస్టీ అని, మాంసం, బంగాళదుంప, ఉల్లిపాయ, రూటబాగా దుంప పిండిలో మడిచి కాలుస్తారు. తెచ్చింది ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ గని పనివాళ్లు, తర్వాత వచ్చిన ఫిన్లాండ్ వాళ్లు దాన్ని ఎంత సొంతం చేసుకున్నారంటే ఇప్పుడు అది ఫిన్నిష్ వంటే అనేవాళ్లూ ఉన్నారు. ఎవరిది అని తగువు తీర్చడం మన పని కాదు, మీ ఇంట్లో కారెట్ వేస్తారా, కెచప్పా గ్రేవీయా అని అడగండి చాలు, ఆ వాదనలోనే ఎవరి అమ్మమ్మ ఎవరో, ఏ వీధిలో ఎవరుండేవాళ్లో అన్నీ వచ్చేస్తాయి.

కష్టమైన కథలు రెండోసారి వెళ్లినప్పుడే. 1913 జూలైలో అక్కడ గని పనివాళ్ల పెద్ద సమ్మె మొదలైంది, డిసెంబర్ 24న కాల్యుమెట్ అనే ఊళ్లో ఇటాలియన్ హాల్లో సమ్మె కుటుంబాల క్రిస్మస్ పార్టీ జరుగుతుంటే ఎవరో "మంటలు" అని అరిచారు, మంటలేమీ లేవు గానీ మెట్ల మీద తొక్కిసలాటలో 73 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే, చాలామంది ఫిన్నిష్ ఇళ్లవాళ్లు. అరిచిందెవరో ఇప్పటికీ తేలలేదు. గని కంపెనీ మనిషే అని ఒక కథ, తలుపులు లోపలికి తెరుచుకోవడం వల్లే అంతమంది పోయారని ఇంకో కథ (దీనిమీద రీసెర్చర్లు ఇంకా కొట్టుకుంటున్నారు). ఎదురుగా కూర్చుని "అది తప్పండీ" అనొద్దు ప్లీజ్. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, పక్కన వాళ్ల తాత సమ్మెలో ఉన్నాడా, కంపెనీ వైపా, ఏ చర్చికి వెళ్లేవాళ్లు, ఇవి నోట్ చేయండి, నా లెక్కలో కథ కంటే ఇవే ముఖ్యం. నిజమేంటన్నది తర్వాత అక్కడి హోటన్ ఊళ్లో మిషిగన్ టెక్ యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లో (పాత కాగితాలు దాచే చోటు) చూసుకోవచ్చు.

ఆడవాళ్లని వదలకండి. ఆ సమ్మె ఊరేగింపుల్లో పెద్ద అమెరికా జెండా పట్టుకుని ముందు నడిచిన ఆనీ క్లెమెంక్ స్లొవేనియా నుంచి వచ్చినవాళ్ల కూతురు.

రికార్డింగ్‌కి ఫోన్ చాలు, ఫ్రిజ్ పక్కన మాత్రం కూర్చోకండి. మొదట్లోనే పేరు, తేదీ, ఊరు చెప్పించండి, పర్మిషన్ కాగితం మీద తీసుకోండి, ఒక కాపీ వాళ్లింటికి ఇవ్వండి.