గెలాక్టికా ఆటలో తంటాలు: ఎక్కడ తేడా కొడుతోంది, ఏం చేయాలి

నిజాంపేటలోని మా ఫ్లాట్‌లో నెలకో ఆదివారం అయిదుగురం కూర్చుని బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా బోర్డు గేమ్ ఆడతాం. 2004 నుంచి 2009 దాకా నడిచిన టీవీ సిరీస్ ఆధారంగా ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ 2008లో తెచ్చిన ఆట ఇది. పారిపోతున్న మనుషుల ఓడల్లో శత్రు రోబోలైన సైలాన్లు మనిషి రూపంలోనే దాక్కుని ఉంటారు, ఎవరో తెలియదు. చిన్నప్పుడు చీటీలు మడిచి ఆడిన రాజు-రాణి-దొంగ-పోలీసే, కాకపోతే మూడు గంటలు సాగుతుంది. ‘ఆట సరిగ్గా రావట్లేదు’ అని నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం పంపకం దగ్గరో, మన నోటి దగ్గరో తేలతాయి.

ఆట అయిపోయింది, సైలాన్ ఒక్కడూ లేడు

సగం ఆట దాకా ఎవరూ సైలాన్ కాకపోవడం మామూలే. ఓడలు గెంతుతూ వచ్చిన దూరం 4కి చేరాక లాయల్టీ ముక్కలు (ఎవరు ఏ పక్షమో చెప్పేవి) రెండోసారి పంచుతారు, అప్పుడు పడొచ్చు. చివరిదాకా లేకపోతే మాత్రం కట్ట తప్పు కట్టారు. ముగ్గురికి సైలాన్ ముక్క 1, ‘సైలాన్ కాదు’ ముక్కలు 5. నలుగురికి 1, 6. అయిదుగురికి 2, 8. ఆరుగురికి 2, 9. బాల్టార్, బూమర్ పాత్రల్లో ఎవరు ఆటలో ఉన్నా ఒక్కొక్కరికి ఇంకో ‘కాదు’ ముక్క కలపాలి, ఎందుకంటే వాళ్లకి ఒకటి ఎక్కువ పడుతుంది. నలుగురు లేదా ఆరుగురు ఉంటే సింపథైజర్ (సానుభూతిపరుడు) ముక్క కూడా ఉంటుంది. దాన్ని మొదటి పంపకం అయ్యాకే మిగిలిన కట్టలో కలపాలి. లెక్క సరిపోయిందా అన్నది తేల్చుకోవడం తేలిక: రెండో పంపకం తర్వాత కట్టలో ఒక్క ముక్కా మిగలకూడదు.

ప్రతి పరీక్షా ఫెయిల్ అవుతోంది

ఎక్కువ మంది అడిగేది ఇదే. సంక్షోభం ముక్క వచ్చినప్పుడు, అది అడిగిన మొత్తం చేరేందుకు అందరూ రంగూ అంకే ఉన్న స్కిల్ ముక్కలు బోర్లా వేస్తారు, డెస్టినీ కట్ట (ఎవరిదీ కాని కలగలుపు ముక్కలు) నుంచి రెండు కలుస్తాయి. సరైన రంగు అంకెలు కూడతాం, మిగతా రంగులవి అందులోంచి తీసివేస్తాం. మన దగ్గర ఇది చెడిపోవడానికి మొదటి కారణం పేకాట అలవాటు. మంచి ముక్క వస్తే దాచుకుంటాం, పక్కవాడు వేస్తాడులే అనుకుంటాం. మా బావగారైతే దసరా రమ్మీలో కూర్చున్నట్టే కూర్చుంటారు. వంతు వచ్చిన ప్రతిసారీ అయిదు ముక్కలు చేతికొస్తాయి, వంతు చివర పది కంటే ఎక్కువ ఉంచుకోకూడదు. అంటే దాచినవి ఎలాగూ పారేయాల్సినవే. ఎనిమిది దాటితే ధారాళంగా వేసేయండి.

రెండో కారణం ద్రోహి. తప్పు రంగువి రెండు వస్తే డెస్టినీ మీదకి నెట్టేయొచ్చు. మూడోది కనబడిందంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో వేసిందే. ముక్కలు తిప్పేటప్పుడు బయటికి లెక్కపెట్టండి, ముఖాలు చూడండి.

దీనికి ఉల్టా సమస్య: పరీక్షలన్నీ పాసైపోతున్నాయి, సైలాన్‌కి చోటే లేదు. ‘నా దగ్గర పర్పుల్ అయిదుంది, వేస్తున్నా’ అని ఎవరో చెప్పేస్తున్నారన్నమాట. అంకెలు చెప్పకూడదని రూల్. ‘కొంచెం సాయం చేస్తా’, ‘నా వల్ల కాదు’ లాంటి మాటలే మాట్లాడాలి. తెలుగులో చెప్పకుండా ఉర్దూలో చెబితే చెల్లుతుందా అని ఒక మిత్రుడు అడిగాడు. చెల్లదు భాయ్.

ముక్క చూడగానే సైలాన్ ఎవరో తెలిసిపోతోంది

ఇది మా ఇంట్లో జరిగిందే. ఇరానీ చాయ్ మరక ఒక లాయల్టీ ముక్క వీపు మీద పడింది. ఖర్మకొద్దీ అది సైలాన్ ముక్కే. రెండు నెలలు ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు! వీపు కనబడని స్లీవులు లాయల్టీ ముక్కలన్నిటికీ ఒకే రకంవి తొడిగితే సరి. ఈ పెట్టె ఇప్పుడు అచ్చులో లేదు కాబట్టి కొత్త ముక్క వస్తుందని ఆశ పెట్టుకోకండి. పెట్టే దొరకనివాళ్లకి ఇదే పద్ధతిని 1913 నాటి ఓడ కథకి మార్చి 2021లో తెచ్చిన అన్‌ఫాదమబుల్ ఉంది. ఆట బాగానే ఉంటుంది, గెలాక్టికా మీద ప్రేమ మాత్రం తీరదు.

ఇంధనం ప్రతిసారీ ముందే అయిపోతోంది

మొదలయ్యేది 8తో. ఓడలు గెంతినప్పుడల్లా అడ్మిరల్ పదవిలో ఉన్న ఆటగాడు, ఇంధనం ఖర్చు రాసి ఉన్న గమ్యం ముక్కలు రెండు తీసి, ఒకటి ఎంచుకుంటాడు. రెండోది ఏమిటో ఎవరికీ కనబడదు. ‘రెండూ దరిద్రంగానే వచ్చాయి’ అని వరసగా మూడుసార్లు అన్నాడంటే అనుమానించండి. బ్రిగ్‌లో (ఓడలోని జైల్లో) పెడితే అడ్మిరల్ పదవి వరసలో తర్వాతివాళ్లకి పోతుంది.

బయటపడ్డ సైలాన్ ఫోన్ చూసుకుంటున్నాడు

బయటపడితే ఆటలోంచి పోయినట్టే అనుకుంటారు చాలామంది. వాడి వంతు వచ్చినప్పుడు బోర్డు మీద సైలాన్ల చోట్లలో ఒకటైన కాప్రికా గడి చూపించండి: రెండు సంక్షోభాలు తీసి, మనల్ని ఎక్కువ ముంచేది ఎంచుకోవచ్చు. మా వదిన దీని కోసమే తొందరగా బయటపడిపోతుంది.

మనుషులే దొరకట్లేదు

వానాకాలం ట్రాఫిక్‌లో ఎల్‌బీ నగర్ నుంచి ఎవరు రావాలి? అలాంటి రోజు కంప్యూటర్‌లో 2017 నాటి గెలాక్టికా వీడియో గేమ్ డెడ్‌లాక్ ఆడుకుంటాను. అందులో కొత్తవాళ్ల గుళ్లన్నీ ఖాళీలోకి పోతుంటాయి. రెండు పక్షాల ఆజ్ఞలూ ఒకేసారి అమలవుతాయి కాబట్టి, శత్రువు ఇప్పుడున్న చోటికి గురిపెడితే అది అక్కడ ఉండదు. అది ఎటు తిరగబోతోందో ఊహించి, మీ ఓడ పక్కభాగం అటువైపు ఉండేలా ముందే తిప్పి ఉంచండి. ఎత్తు మార్చడం కూడా మర్చిపోవద్దు, అది బల్ల మీది ఆట కాదు.